మూత బిగిస్తే భద్రమేనా? గ్రంథాలయంలోని అరుదైన వస్తువులపై అపోహలు - వాస్తవాలు

అపోహ: గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో పెడితే ఏ వస్తువైనా పదికాలాలు నిలుస్తుంది.

వాస్తవం: ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, నా పనిలో సగం దాని ఫలితాలను సరిదిద్దడమే. గ్రంథాలయానికి పుస్తకాలొక్కటే రావు. రచయితల కళ్లజోళ్లు, దువ్వెనలు, పతకాలు, ఫిల్ము చుట్టలు, సీసపు అచ్చు అక్షరాలు కూడా వస్తాయి. వీటిలో కొన్నిటికి బయటి గాలి కంటే తమలోంచి పుట్టే ఆవిరే ఎక్కువ చేటు. పాత కళ్లజోళ్ల ఫ్రేములు, దువ్వెనలు చేసిన తొలితరం ప్లాస్టిక్ సెల్యులాయిడ్. పాతబడితే అది నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతుంది. అవి తేమతో కలిస్తే నైట్రిక్ ఆమ్లం తయారవుతుంది. ఆ ఆమ్లం మళ్లీ సెల్యులాయిడ్‌నే తింటుంది, పక్కనున్న లోహాన్నీ కాగితాన్నీ కూడా వదలదు. మూత బిగిస్తే ఆ ఆవిరికి బయటపడే దారే ఉండదు.

ఒక రచయిత కుటుంబం ఇచ్చిన డబ్బా తెరవగానే ఘాటు వాసన గుప్పుమంది. కళ్లజోడు ఫ్రేము నిండా సన్నని పగుళ్లు, మడతబందుల దగ్గర పచ్చని తుప్పు. కింద ఉత్తరాల కట్టలో పై ఉత్తరం మీద కళ్లజోడు ఆకారంలోనే గోధుమరంగు మచ్చ. అట్టముక్కతో ఎత్తబోతే ఆ మేరకు కాగితం పొడిపొడిగా రాలింది. ‘మేమే పాడుచేశామా?’ అని ఆయన కూతురు బిక్కమొహం వేశారు. ఆవిడ తప్పేముంది? నాన్నగారి వస్తువులన్నీ ఒకేచోట ఉండాలనుకున్నారు, అంతే.

సెల్యులాయిడ్‌ను విడిగా, గాలి ఆడే పెట్టెలో, చల్లని పొడి చోట ఉంచండి. ఫిల్ము చుట్ట వెనిగర్ వాసన వేస్తే అది పాడవుతున్న ఎసిటేట్ ఫిల్ము. దాన్ని మిగతా చుట్టల నుంచి వెంటనే వేరుచేయండి. ఫిల్ము పక్కన పెట్టే ఎ-డి స్ట్రిప్ (ఆమ్లం తగిలితే రంగు మారే కాగితపు పట్టీ) నీలం నుంచి పసుపుకు తిరుగుతోందంటే ఇక ఆలస్యం చేయకూడదు. సెల్యులాయిడ్‌తో చేసిన నైట్రేట్ ఫిల్మైతే అగ్గితో సమానం, ముందు నిపుణులను పిలవండి. బిగుతు మూత అసలే వద్దని కాదు. ఇనుప వస్తువుకు తేమ పీల్చే సిలికా జెల్ వేసిన పాలీప్రొపిలీన్ డబ్బా చక్కగా పనికొస్తుంది. పీవీసీ మాత్రం దేనికీ వద్దు.

అపోహ: చెక్క సహజమైనది కాబట్టి మంచిది.

ఓక్ చెక్క సొరుగులో సీసపు అక్షరాలు పెట్టి చూడండి, తెల్లటి పొడి కక్కుతాయి. ఆ పొడి విషం, ఊదకండి.

అపోహ: ఏది ముట్టుకోవాలన్నా తెల్ల చేతొడుగులు ఉండాలి.

సినిమాల చలవ! కాగితానికి కడిగి ఆరబెట్టుకున్న చేతులు చాలు. లోహానికి, ఫొటోలకు నైట్రైల్ తొడుగులు వాడండి.

అపోహ: కలరా ఉండలు వేస్తే పురుగు చేరదు.

ఆ ఆవిరికి కొన్ని ప్లాస్టిక్కులు మెత్తబడతాయి, సిబ్బందికి తలనొప్పి అదనం. పురుగు పట్టిన పుస్తకాన్ని సంచిలో మూసి మైనస్ 30 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచితే చాలు.

అపోహ: ‘ఆమ్లరహితం’ అని రాసి ఉన్న అట్ట దేనికైనా వాడొచ్చు.

ఆమ్లరహితం అన్న అట్టల్లో కొన్నిటికి క్షారం కలిపి ఉంటుంది. అలాంటి అట్ట మామూలు కాగితానికి మేలు. పట్టు, ఉన్ని, సైనోటైపులకు (నీలిరంగు పాతకాలపు ఫొటో ముద్రలకు) మాత్రం క్షారం కలపనిదే కావాలని అడిగి తెప్పించుకోండి.