"రెండక్షరాల పేరు చెప్పండి పంతులుగారూ": ఆడపిల్ల పేరు, అపోహలు - వాస్తవాలు

ముప్పై ఏళ్లుగా బారసాలలు చేయిస్తున్నాను. ఒకప్పుడు ఫోను చేసినవారు ముహూర్తం అడిగేవారు. ఇప్పుడు ముందు పేరు అడుగుతున్నారు. చిన్నగా ఉండాలి, ఎవరూ పెట్టి ఉండకూడదు, ఫలానా అక్షరంతో మొదలుకావాలి. ఈ మూడు షరతుల మధ్య నలిగిపోయేది అర్థం.

అపోహ: నక్షత్రపాదానికి వచ్చిన అక్షరంతోనే పిలిచే పేరు ఉండాలి.

27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 పాదాలకు ఒక్కో అక్షరం. ఆ పట్టికలో ఆరుద్రకు వచ్చేవి కూ, ఘ, ఙ, ఛ. మూడో పాదంలో పుట్టిన పాపకు 'ఙ'తో పేరు చెప్పమంటే నేనే కాదు, నన్నయ దిగివచ్చినా చెప్పలేడు. హస్తకు ణ, ఠ ఉన్నాయి. ఆ అక్షరం జన్మనామానికి సంబంధించినది, వీధిలో పిలవడానికి కాదు. నక్షత్రాన్ని బట్టి పెట్టే పేరును రహస్యంగా ఉంచమని, ఇంట్లో చేసే సంస్కారాల విధులు చెప్పే ఆపస్తంబ గృహ్యసూత్రమే చెప్పింది. అందుకే పళ్లెంలో బియ్యం మీద మాసనామం, నక్షత్రనామం, వ్యవహారనామం (అంటే పిలిచే పేరు) విడివిడిగా రాయిస్తాం. మూడోది మీ ఇష్టం.

అపోహ: ఇంటర్నెట్‌లో అర్థం చూశాం, సరిపోతుంది.

అక్కడ ఏ పేరు వెతికినా 'లక్ష్మీదేవి' అనే ఉంటుంది! ఆ మధ్య ఒక బారసాలలో పాప తండ్రి బంగారు ఉంగరంతో బియ్యం మీద 'అద్య' అని రాశాడు. "బాబూ, దీర్ఘం పెట్టు" అన్నాను. "ఇంగ్లీషులో రెండూ ఒకటే కదండీ" అన్నాడు. ఇంగ్లీషులో ఒకటే. కానీ పది నిమిషాల క్రితం సంకల్పంలో నేను "అద్య బ్రహ్మణః" అని చదివింది ఆ మాటే. అద్య అంటే ఈ రోజు, ఆద్య అంటే మొదటిది, ఆదిశక్తి. చెప్పగానే నాయనమ్మ నవ్వి, తన చేత్తో బియ్యం సర్దింది. మళ్లీ రాశాడు, ఈసారి దీర్ఘంతో. పేరును ముందు తెలుగులో రాసుకోండి. తరువాత సూర్యరాయాంధ్ర నిఘంటువు తెరవండి, ఇప్పుడు అది ఫోనులోనే దొరుకుతుంది.

అపోహ: పెద్ద పేరును కత్తిరిస్తే చిన్న పేరు వస్తుంది.

ఒక్కోసారి లింగమే మారిపోతుంది. తేజస్విని స్త్రీ, తేజస్వి పురుషుడు. యశస్విని, యశస్వి కూడా అంతే. వాడుకలో ఆడపిల్లలకూ పెడుతున్నారు, నేను అడ్డు చెప్పను. తెలిసి పెట్టుకోండి అంటాను.

అపోహ: అక్షరాలు తగ్గితే పలకడం తేలిక.

జ్యోత్స్న రెండక్షరాలే. లలిత మూడు. ఏది తేలికో మీరే పలికి చూడండి. ఆడపిల్ల పేరు సుఖంగా పలికేలా, అర్థం స్పష్టంగా, మనోహరంగా, చివర దీర్ఘంతో ఉండాలని మనుస్మృతి రెండో అధ్యాయం అంటుంది. నా పరీక్ష ఇంకా సులువు: ఇంట్లో అందరికన్నా పెద్దావిడను వంటింట్లోంచి ఆ పేరుతో కేకవేయమంటాను. ఆవిడ నోట అది మరో పేరుగా మారిందా, పదేళ్లపాటు పాప పలికేది ఆ మరో పేరుకే.

అపోహ: బేసి అక్షరాలు లేకపోతే దోషం.

ఆడపిల్లకు బేసి సంఖ్య అక్షరాలని గృహ్యసూత్రాల్లో ఉన్న మాట నిజమే. కానీ సీత, రాధ, ఉమ, రమ అందరివీ రెండక్షరాలే. వాళ్లకు లేని దోషం మీ పాపకు ఎక్కడినుంచి వస్తుంది? మనసు ఒప్పకపోతే మూడక్షరాలు చూసుకోండి, అవీ చిన్నవే. పేరులో ఇంగ్లీషు 'ఎ' ఒకటి అదనంగా చేర్చితే అదృష్టమనే లెక్క మాత్రం ఏ సూత్రంలోనూ లేదు. ఆధార్‌లో ఒక ఎ, పదో తరగతి సర్టిఫికెట్‌లో రెండు ఉన్న అమ్మాయి పాస్‌పోర్టు కోసం తిరగడం నా కళ్లారా చూశాను. ఆ అమ్మాయి మా మేనకోడలే.

అపోహ: కొత్తగా ఉండాలంటే ఎవరికీ తెలియని సంస్కృత పదమే దిక్కు.

నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇదే. రామాయణం రాసిన కవయిత్రి పేరు మొల్ల. రెండక్షరాలు, అచ్చ తెలుగు, మల్లె జాతి పువ్వు. ఈ ముప్పై ఏళ్లలో ఒక్కరూ ఆ పేరు అడగలేదు! సిరి, వెన్నెల అప్పుడప్పుడు వినిపిస్తున్నాయి, సంతోషం. ఇక 'ఎవరూ పెట్టని పేరు' అంటూ ఇంటర్నెట్‌లో పట్టిన పేరును ఒకే అపార్ట్‌మెంటులో, ఒకే ఏడాది ముగ్గురు పాపలకు పెట్టించాను.

అపోహ: ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేలోపు పేరు తేలాలి.

అక్కర్లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో నమోదు చేయించవలసింది పుట్టుకను. పేరు గడి ఖాళీగా ఉంచవచ్చు. నమోదైన ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తరువాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంది. బారసాల నాటికీ మీ ఇద్దరికీ పేరు కుదరలేదా? ఆ రోజుకు మాసనామం, నక్షత్రనామం రాసి పాపను ఉయ్యాలలో వేద్దాం. మిగిలినదానికి బియ్యం ఇంకో నెలకు పోసుకోవచ్చు, నేను మళ్లీ వస్తాను.