రేకు పెట్టెలోని లైసెన్సు

చిరంజీవులైన మనవరాలికి, మనవడికి,

అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న దసరాకు వచ్చినప్పుడు మీరిద్దరూ రేకు పెట్టెలోంచి నా పాత డ్రైవింగ్ లైసెన్సు బయటికి తీశారు. "కార్డు ఉంది కదా అమ్మమ్మా, ఫోనులోనూ ఉంది, ఇంకా ఈ కాగితం ఎందుకు?" అని అడిగారు. అప్పుడు పొయ్యి మీద నూనె కాగుతూ ఉంది, సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ రోజు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి చెబుతాను. ఆ కాగితాన్ని నమ్ముకుని ఇప్పుడు బండి నడపకూడదు. 1995లో, నాకు ముప్ఫై ఒక్క ఏళ్ళప్పుడు అది ఇచ్చారు. ఇరవై ఏళ్ళు గడిచేదాకా గాని, యాభై ఏళ్ళు నిండేదాకా గాని, ఏది ముందు వస్తే అంతవరకు చెల్లుతుందని అప్పటి లెక్క. నాకు యాభై ముందు నిండాయి, 2014లో. అప్పటి నుంచి ఐదేళ్ళకోసారి డాక్టరు పత్రం పెట్టి రెన్యువల్ చేయించుకుంటున్నాను; ఇప్పటిది 2029 దాకా ఉంది. 2019లో చట్టం మార్చారు. ముప్ఫై ఏళ్ళ లోపు తీసుకుంటే నలభై నిండేదాకా చెల్లుతుంది. గడువు దాటాక పూర్వం ఉండే ముప్ఫై రోజుల వెసులుబాటు తీసేశారు. ఏడాది దాటిపోతే మళ్ళీ పరీక్షే. తనిఖీలో ఫోనులోని డిజీలాకర్‌ అనే ప్రభుత్వ యాప్‌లో చూపించినా చాలు. కాబట్టి రోడ్డు మీద ఆ కాగితంతో పని లేదన్న మీ మాట నిజం.

కానీ అది చేతికి వచ్చిన రోజు ఎలాంటిదో మీకు తెలియాలి. ముమ్మిడివరం పక్కన పల్లెలో టీచరుగా పనిచేసేదాన్ని. మా అమ్మ ఒక్కతే యానాంలో ఉండేది. వంతెన లేదు, అది 2002లో గాని రాలేదు. ఎదుర్లంక రేవులో పంటు అనే పెద్ద పడవ ఎక్కి గోదావరి పాయ గౌతమి దాటాలి. పంటు కోసం పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి అది కళ్ళ ముందే కదిలిపోతే, అవతల అమ్మ జ్వరంతో పడుకుని ఉందని తెలిసి ఆ గట్టు మీద నిలబడటం ఎంత నరకమో! అందుకే మోపెడ్ నేర్చుకున్నాను. కాలువ గట్టు మీద తాతయ్య వెనక పట్టుకుని నడిపించారు. పరీక్షలో ఎనిమిది అంకెలా బండి తిప్పమన్నారు. ఆ వరుసలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. కాలు కింద పెట్టకుండా తిప్పాను.

ఇచ్చింది మడతపెట్టిన దళసరి కాగితం. గమ్‌తో అంటించిన నా ఫోటో, సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడేలా రబ్బరు ముద్ర, నీలం సిరాలో అధికారి సంతకం. నా పేరును ఒక గుమాస్తా గుండ్రని అక్షరాలతో చేత్తో రాశాడు. ఆంధ్రాలో ఇచ్చిన ఆ కాగితం పుదుచ్చేరికి చెందిన యానాంలోనూ చెల్లేది, దేశమంతా చెల్లేది. ఆ వారమే బండిని పంటు ఎక్కించి అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మకు చదువు రాదు. ముద్ర మీద వేలు పెట్టి చాలాసేపు తడిమింది.

మరుసటి సంవత్సరం నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చింది. పెంకులు లేచిపోయాయి, పెరట్లో కొబ్బరి చెట్లు పడిపోయాయి. తెల్లారి చూస్తే పెట్టెలోకీ నీళ్ళు చేరాయి. ఫోటో పక్కన గోధుమరంగు మచ్చ అప్పటిదే. సిరా అలుక్కుపోయినా అంకెలు నిలిచాయి.

ఆ అంకెలే తర్వాత నన్ను ఆదుకున్నాయి. 2014లో వచ్చిన కార్డులో, నాకు మొదటిసారి లైసెన్సు ఇచ్చిన సంవత్సరం కూడా 2014 అనే ముద్రించారు. యాభై ఏళ్ళకు బండి నేర్చుకున్నట్టు! పంతొమ్మిదేళ్ళు పంటు మీదా, గట్ల మీదా తిరిగినదంతా కంప్యూటర్‌లో ఎక్కలేదు. నాకు చాలా బాధ కలిగింది. ఈ కాగితం పట్టుకెళ్ళి చూపించాను. జిరాక్సు తీసుకుని, అసలుది నాకు తిరిగి ఇచ్చి, తేదీ సరిచేశారు. నేను ఈ రోజు నడపవచ్చా లేదా అన్నది కార్డు చెబుతుంది. ఎప్పుడు మొదలుపెట్టానన్నది మాత్రం ఆ రోజు ఈ కాగితమే చెప్పగలిగింది.

దీన్ని లామినేషన్ చేయించవద్దు. ఆ వేడికి పాత గమ్, సిరా ఏమవుతాయోనని నాకు భయం. ఒకసారి అతికితే మళ్ళీ విడదీయలేం. పాలిథిన్ సంచిలోనూ పెట్టవద్దు, మన గాలిలోని చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. తెల్ల కాగితంలో చుట్టి, ఎండిన వేపాకుతో ఉంచాను. వానాకాలం పోయాక ఒకసారి నీడలో ఆరబెడతాను.

పెద్దదానికి వచ్చే ఏడాది పద్దెనిమిది నిండుతాయి. ముందు ఎల్‌.ఎల్‌.ఆర్‌., అంటే బండి నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు, తీసుకో, అది ఆరు నెలలు ఉంటుంది, ముప్ఫై రోజులు గడిచాక పరీక్షకు వెళ్ళవచ్చు. ఎనిమిది తిప్పడం నేను నేర్పిస్తాను.

ఉత్తరంతో పాటు కాగితం జిరాక్సు పంపుతున్నాను. తుఫాను మచ్చ అందులో నల్లగా పడింది. అసలుది సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దురు గాని, చేతులు తుడుచుకుని.

మీ అమ్మమ్మ