దూడల కాలంలో పెళ్లి పెట్టకండి: రాంచ్ ప్రేమకథల మీద అపోహలు – వాస్తవాలు

మోంటానా, వయోమింగ్, టెక్సాస్ రాంచ్‌లలో, అంటే పెద్ద పశుక్షేత్రాలలో, నడిచే నేటి ప్రేమకథలు చదివేవాళ్లలో ఆ పని రోజూ చేసేవాళ్లూ ఉంటారు. ఆవు ఎప్పుడు ఈనుతుందో తప్పు రాస్తే పుస్తకం అక్కడే మూసేస్తారు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో స్థిరపడి ఇలాంటి కథ రాయాలనుకునే తెలుగువాళ్లు ముందుగా వదిలించుకోవాల్సిన అపోహలు ఇవి.

అపోహ: రాంచ్ వెనక తెర మాత్రమే. ప్రేమకథ ఎక్కడైనా ఒకటే.

రాంచ్‌కు ఒక పంచాంగం ఉంది, ప్రేమ కూడా దాని ప్రకారమే నడవాలి. ఆవు చూలు మోసేది సుమారు 283 రోజులు. మోంటానాలో జూన్ 1న ఆంబోతుల్ని మందలోకి వదిలితే మార్చి రెండో వారంలో ఈతలు మొదలవుతాయి. మే నెలలో ఇరుగుపొరుగు రాంచ్‌ల వాళ్లంతా చేరి దూడలకు యజమాని గుర్తుగా వాతలు వేస్తారు, టీకాలిస్తారు, కోడెదూడల వృషణాలు తీస్తారు. జూన్ ఆఖరు నుంచి ఆగస్టు దాకా గడ్డి కోతలు. అక్టోబరు, నవంబరుల్లో దూడల్ని తల్లుల నుంచి విడదీసి అమ్మేస్తారు. ఆ తర్వాత వసంతం వరకు మంచులో రోజూ మేత వేయడమే.

ఇప్పుడు మీ ప్లాట్‌ను దీని పక్కన పెట్టి చూడండి. మార్చిలో పెళ్లి పెడితే పెళ్లికొడుకు రాలేడు. జులైలో హీరో వారం రోజులు ఊరెళ్తే ఎండిన గడ్డి వానకు తడిసి కుళ్లుతుంది. అదే వాతలు వేసే రోజున హీరోయిన్‌ను తొలిసారి ఊరందరి ముందుకు తీసుకురండి. ఎవరు పిలవకుండానే సాయానికొచ్చారు, ఎవరు రాలేదు, వంట ఎవరి చేతిలో ఉంది, తాడు విసిరే పని ఎవరికి అప్పగించారు అన్నవి చూపిస్తే చాలు. నలభై పేజీల పరిచయం ఆ ఒక్క సీన్‌లో అయిపోతుంది.

అపోహ: ఆవు ఈనే సీన్‌లో హీరో గట్టిగా లాగితే దూడ బయటికొస్తుంది, ఇద్దరూ కౌగిలించుకుంటారు.

ఈ జానర్‌లో ఎక్కువమంది రాసే సీన్ ఇదే, ఎక్కువ తప్పులు దొర్లేదీ ఇక్కడే.

రాత్రంతా రెండు మూడు గంటలకోసారి వెళ్లి చూడాల్సింది తొలిచూలు పెయ్యల్ని. అలవాటైన ఆవులు చాలావరకు తమంతట తామే ఈనేస్తాయి. ఉమ్మనీటి సంచి కనిపించాక గంటైనా పని ముందుకు సాగకపోతే భుజం దాకా వచ్చే చేతితొడుగు వేసుకుని, జారుడు మందు రాసుకుని లోపల చేత్తో తడిమి చూస్తారు. రెండు ముందుకాళ్లు గిట్టల అడుగు నేలవైపు ఉండి, వాటి మీద మూతి ఆనించి ఉంటే దూడ సరిగ్గానే వస్తున్నట్టు. గిట్టల అడుగు పైకి ఉంటే వచ్చేవి వెనక కాళ్లు కావచ్చు.

గొలుసు వేసే పద్ధతి కూడా తెలియాలి. ఒక ఉచ్చు గిట్ట పైన ఉన్న కీలుకు ఎగువన, రెండో చుట్టు ఆ కీలుకు దిగువన. అప్పుడు లాగే బలం రెండు చోట్లకు పంచుకుంటుంది. ఒకే ఉచ్చు వేసి లాగితే లేత ఎముక విరగొచ్చు. పెయ్య ముక్కినప్పుడే లాగాలి, అది ఆగితే ఆగాలి. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. తల, భుజాలు బయటపడ్డాక లాగే దిశ నేలవైపు మారాలి.

దూడ పడగానే ముక్కు తుడిచి, గడ్డిపోచతో ముక్కులో గిలిగింత పెడతారు, తుమ్మి ఊపిరి తీసుకోవడానికి. రొమ్ము నేలకు ఆనేట్టు దాన్ని కూర్చోబెడతారు. మొదటి నాలుగు గంటల్లో సుమారు 2 లీటర్ల ముర్రుపాలు లోపలికి వెళ్లాలి. వ్యాధిని ఎదిరించే శక్తి దానికి ఆ పాలతోనే వస్తుంది, 24 గంటలు దాటితే పేగు ఆ శక్తిని లోపలికి తీసుకోదు. గడ్డకట్టే చలిలో చెవులు, తోక కొసలు మంచుకు చచ్చుబడతాయి. అందుకే తడి దూడను పికప్ ట్రక్కు లోపల కాళ్ల దగ్గర పెట్టి హీటర్ వేస్తారు.

ఇక కౌగిలింత సంగతి. అంత చలి లేని రాత్రి, దూడ ఊపిరి తీసుకున్నాక మనుషులు చేయాల్సిన మొదటి పని అక్కణ్నించి తప్పుకోవడం. తల్లి దాన్ని వాసన చూసి నాకి తన బిడ్డగా ఒప్పుకోవాలి, మనుషులు మధ్యలో నిలబడితే తొలిచూలు పెయ్య బెదిరి దూడను వదిలేయొచ్చు. కాబట్టి వాళ్లిద్దరూ గేటు ఇవతలికి వచ్చి, మోచేతుల దాకా బంకతో, మాట్లాడకుండా నిలబడి చూస్తారు. మీ ప్రేమ సీన్ ఆ నిశ్శబ్దంలోనే ఉంది. దాన్ని ముందుకు లాక్కురాకండి.

అపోహ: వేల ఎకరాలున్న రాంచర్ కోటీశ్వరుడు. లేదంటే, ముప్పై రోజుల్లో బ్యాంకు రాంచ్‌ను లాగేసుకుంటుంది.

భూమి విలువ కాగితం మీదే ఉంటుంది. చేతికి డబ్బొచ్చేది చాలామందికి ఏడాదికి ఒక్కసారి, దూడలు అమ్మినప్పుడు. రెండు వందల ఆవుల మంద అనుకోండి. ఒక్కో ఆవుకు శీతాకాలానికి రెండు టన్నుల గడ్డి, అంటే నాలుగు వందల టన్నులు. ఆడదూడల్లో కొన్నిటిని మంద కోసం ఉంచుకోవాలి, మిగతావి అమ్మిన డబ్బులోనే అప్పు, డీజిల్, పశువైద్యుడు, ఇల్లు అన్నీ గడవాలి.

పైగా మేసే నేలంతా సొంతం కాదు. పశ్చిమ రాష్ట్రాల్లో చాలా రాంచ్‌లు 1934 నాటి టేలర్ గ్రేజింగ్ చట్టం కింద సమాఖ్య ప్రభుత్వ భూముల్లో, సాధారణంగా పదేళ్ల పర్మిట్‌తో మేపుకుంటాయి. ఒక ఆవు, దాని దూడ ఒక నెల మేయడానికి రుసుము 1.35 డాలర్లకు తగ్గకూడదని 1986 ఉత్తర్వు. అప్పుల్లో పడ్డ వ్యవసాయ కుటుంబాలు భూమి నిలుపుకుని వాయిదాల్లో అప్పు తీర్చుకునేలా దివాలా చట్టంలో 12వ అధ్యాయం కూడా 1986లోనే వచ్చింది. అందుకే వడ్డీవ్యాపారి విలన్ కథ ఇక్కడ అతకదు. అసలు గొడవ తోబుట్టువుల మధ్య ఉంటుంది: ఒకడు ఇరవై ఏళ్లుగా ఆవుల వెంట తిరిగాడు, డెన్వర్‌లో ఉన్న చెల్లెలికి సమాన వాటా రావాలి, ఇద్దరిదీ న్యాయమే. ప్రేమకథకు ఇంతకంటే బలమైన ఆటంకం నాకు తెలిసి లేదు.

అపోహ: కౌబాయ్ అంటే తెల్లవాడు, హీరోయిన్ అంటే పట్నం నుంచి వచ్చే అమ్మాయి.

2022 వ్యవసాయ గణన ప్రకారం అమెరికా వ్యవసాయదారుల్లో 36 శాతం మహిళలు. రాంచ్ ఆమెదే అయి, వచ్చేవాడు అతడు కావచ్చు. ఇక ఈ వృత్తి మాటలే మెక్సికో పశుల కాపరులైన వకేరోలవి: రోడియో (కౌబాయ్‌ల పోటీలు), లారియట్ (ఉచ్చుతాడు), చాప్స్ (కాళ్లకు తొడిగే తోలు), చివరికి కౌబాయ్‌కు మరో పేరైన బకరూ కూడా. నల్లజాతి కౌబాయ్‌లు, సొంత మందలున్న మూలవాసీ కుటుంబాలు చరిత్ర పొడవునా ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

టెక్సాస్ గల్ఫ్ తీరం కథైతే పశువుల మూపురం మర్చిపోకండి. ఎండకు, పురుగులకు ఓర్చుకునే అమెరికన్ బ్రాహ్మన్ జాతిలో గిర్, కాంక్రేజ్ అనే భారతీయ జాతులతో పాటు మన ఒంగోలు రక్తం కూడా ఉంది. అక్కడ ఒక తెలుగు అమ్మాయి ఆ మూపురాన్ని చూసి ఆగిపోతే ఆ సీన్ అతికించినట్టు ఉండదు.

అపోహ: టోపీ, బూట్లు, గుర్రం ఉంటే చాలు.

మార్చి బురదలో రబ్బరు బూట్లే. చాలా పనులకు గుర్రం కంటే నాలుగు చక్రాల బండే ముందు కదులుతుంది. టోపీ చలికాలంలో ఫెల్ట్ అనే మందపాటి గుడ్డది, వేసవిలో గడ్డిది. బల్ల మీద వెల్లకిలా పెడతారు, బోర్లిస్తే అంచు వంకరపోతుంది. ఎద్దు మీద 8 సెకన్లు ఒంటిచేత్తో పట్టుకుని పడకుండా కూర్చునే రోడియో వీరుడు వేరే వృత్తివాడు, అతన్ని రాంచర్‌తో కలిపేయకండి.

అపోహ: ముగింపు ముందే తెలిస్తే చదవడానికి ఏముంటుంది?

జంట కలవడం ఈ జానర్‌లో పాఠకులకు ఇచ్చిన మాట. అది తప్పితే మంచి నవలే కావచ్చు, రొమాన్స్ కాదు. పాఠకులు చూసేది ఎవరు ఏం వదులుకుని కలిశారన్నది. ఒక ఫోన్ మాటతో తీరిపోయే అపార్థం మీద నవల చివరి భాగం నిలబెట్టకండి. సిగ్నల్ లేదన్న సాకు ఒక్క రాత్రికే పనికొస్తుంది.

అపోహ: తొలి పరిచయంలో "మీకు ఎన్ని ఆవులున్నాయి?" అని అడిగించడం సహజం.

అది బ్యాంకులో ఎంతుందని అడగడమే. అతను "కొన్ని ఉన్నాయి" అని మాట మార్చేస్తాడు. ఆ తప్పును ఆమె చేత చేయించండి, దిద్దకుండా వదిలేయండి. రెండు వందల పేజీల తర్వాత, లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని, అడగకుండానే ఆ అంకె అతని నోటితో చెప్పించండి. ఆ పేజీలో "నిన్ను ప్రేమిస్తున్నాను" అన్న వాక్యం ఉంటే కొట్టేయండి.