సర్వేలో నిజం చెబితే రేషన్ కార్డు పోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ప్రభుత్వ పథకం ఏ వర్గానికి ఎంత చేరింది, ఎవరిని వదిలేసింది అని లెక్క తీయడం నా పని. హైదరాబాద్‌లో ఏ బస్తీకి వెళ్లి ఫారం బయటికి తీసినా ముందు వినపడే మాట ఇదే.

అపోహ: ఉన్నది ఉన్నట్టు చెబితే కార్డు, పింఛన్ పోతాయి.

వాస్తవం: మా సర్వేతో పోవు. మేం పరీక్షించేది పథకాన్ని, మిమ్మల్ని కాదు. మా ఫారంలో ఆధార్ గడే లేదు. కార్డుల తనిఖీ వేరే శాఖ చూసుకుంటుంది.

జూబ్లీహిల్స్ పక్కన గుట్ట మీది బస్తీలో ఒకామె నన్ను చూడగానే ఫ్రిజ్ మీద చీర కప్పేసింది. "నేను పనికి పోనక్కా, ఇంట్లనే ఉంటా. రాస్తే మా అత్త పింఛన్ బందయితదా?" అంది. కాసేపు కూర్చుని మాట్లాడాక అసలు సంగతి చెప్పింది. పొద్దున ఆరింటికే మూడిళ్లలో అంట్లు తోమడానికి దిగుతుంది. ఆ వేళకు బస్సు లేదు, షేర్ ఆటోకు డబ్బులు పెట్టుకోవాలి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం గానీ, ఆ లాభం ఈమెదాకా రాలేదు. ఇలాంటివాళ్లంతా "పనికి పోం" అంటే, ఆ బస్తీకి పొద్దుటి బస్సు అక్కర్లేదనే రిపోర్టులో తేలుతుంది. ఆమెను తప్పుపట్టను. పింఛన్ ఆగితే ఆ ఇంట్లో మందులు ఆగుతాయి. నా కోపమంతా వాట్సాప్‌లో ఈ పుకారు తిప్పేవాళ్ల మీదే.

2024 నవంబర్ 6న మొదలైన ఇంటింటి కుల సర్వేలోనూ అంతే. ఇళ్లకు తాళాలుండి కొందరు, వివరాలు చెప్పబోమని కొందరు, మొత్తం 3.1 శాతం కుటుంబాలు లెక్కకు రాలేదు. 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 వరకు మళ్లీ అవకాశం ఇవ్వాల్సి వచ్చింది.

అపోహ: రూలు అందరికీ ఒకటే కాబట్టి వివక్ష లేదు.

పై బస్సు సంగతే దీనికి జవాబు. కాగితం మీద రూలు ఒకటే, చేరే తీరు వేరు.

అపోహ: ఎస్సీలంటే ఎస్సీలే, లోపల మళ్లీ లెక్కలెందుకు?

వెనుకబాటు అందరిలో ఒకేలా లేదు కాబట్టే 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా రిజర్వేషన్ పంచారు.

ఎవరైనా ఫారంతో తలుపు తడితే ముందు గుర్తింపు కార్డు అడగండి. ఏ ఆఫీసు, ఎందుకు, పేరు రాసుకుంటారా అని అడగండి. ఓటీపీ అడిగితే తలుపేసేయండి. మా సర్వేలో ఇష్టం లేని ప్రశ్నకు "చెప్పను" అనండి, అలాగే రాసుకుంటాం. పనికి పోతూ మాత్రం పోవట్లేదని చెప్పకండి.