సేవా క్లబ్బులు, పిల్లలు, చందాలు: హనుమకొండలో నేను తరచూ వినే అపోహలు, చూసిన వాస్తవాలు

పదమూడేళ్లుగా హనుమకొండలో ఒక సేవా క్లబ్‌లో పనిచేస్తున్నాను. మొదట సభ్యుడిగా, తర్వాత కోశాధికారిగా, ఆరేళ్ల నుంచి యువ విభాగానికి సలహాదారుగా. చందా కోసం చౌరస్తాలో దుకాణాల మెట్లెక్కినా, కాలేజీ ప్రిన్సిపాల్ ముందు కూర్చున్నా, పిల్లల ఇళ్లకు వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడినా అవే మాటలు వినపడతాయి. కొన్ని మాటలు తెలియక అనేవి. ఇంకొన్ని మా క్లబ్బుల వాళ్లు చేసిన తప్పుల వల్ల పుట్టినవి. వాటిని కూడా దాచకుండా రాస్తున్నాను.

అపోహ: క్లబ్ అంటే డబ్బున్న పెద్దమనుషుల కాలక్షేపం

పేరున్న సేవా క్లబ్బుల్లో రోటరీ 1905లో, లయన్స్ 1917లో, రెండూ చికాగోలోనే పుట్టాయి. మొదలుపెట్టింది వ్యాపారాలు, వృత్తుల్లో ఉన్నవాళ్లే కాబట్టి ఆ పేరు ఊరికే రాలేదు. ఇవాళ మా సమావేశానికి వచ్చేవాళ్లలో మెడికల్ షాపు ఆయన ఉన్నాడు, ఇద్దరు రిటైర్డ్ టీచర్లు ఉన్నారు, ఒక ఎల్ఐసీ ఏజెంట్, ఎరువుల దుకాణం నడిపే ఆమె, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. ఏడాదికి సభ్యత్వ రుసుము కట్టాలి, అది నిజమే. కట్టినవాళ్లందరూ పనిచేస్తారా అంటే, చేయరు. ముప్పై మందిలో ఎనిమిది మంది పనిచేస్తే ఆ ఏడాది మాకు మంచి ఏడాది.

అపోహ: యువ విభాగం అంటే కుర్చీలు వేసే బ్యాచ్

ఈ మాట పిల్లలే అంటారు. అనడంలో వాళ్ల తప్పు లేదు. చాలా చోట్ల వాళ్లతో బ్యానర్ పట్టిస్తారు, వచ్చిన అతిథికి బొకే ఇప్పిస్తారు, ఒక ఫొటో దింపి ఇంటికి పంపిస్తారు. రెండోసారి ఆ పిల్లలు రారు.

అసలు ఈ విభాగాలు పెట్టింది అందుకు కాదు. లయన్స్ వాళ్ల లియో క్లబ్బులు 1957లో మొదలయ్యాయి. 12 నుంచి 18 ఏళ్ల వాళ్లు ఆల్ఫా, 18 నుంచి 30 దాకా ఒమేగా. రోటరీలో ఇంటరాక్ట్ 1962లో వచ్చింది, అది 12 నుంచి 18 ఏళ్ల వాళ్లకు. పద్దెనిమిది దాటిన వాళ్ల కోసం 1968లో రోటరాక్ట్ వచ్చింది. ఏ విభాగం తీసుకున్నా దానికి సొంత అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి ఉంటారు. ఏ పని చేయాలో వాళ్లే కూర్చుని తేల్చుకోవాలి. పెద్ద క్లబ్ పక్కన ఉంటుంది, అంతే.

మా పిల్లలు ఒకసారి సంక్రాంతి ముందు సకినాలు, సర్వపిండి స్టాల్ పెట్టారు. సర్కారు బడిలో సాయంత్రం ప్రత్యేక తరగతులకు ఆగే పదో తరగతి పిల్లలకు అటుకులు, పల్లీలు, బెల్లం కొనివ్వాలని వాళ్ల ఆలోచన. మధ్యాహ్నం తిన్న అన్నంతోనే ఆరింటి దాకా కూర్చుంటున్నారని మాలోని ఒక టీచర్ చెప్పారు. పిల్లల నానమ్మలు ఇద్దరు తెల్లబట్ట పరిచి, పిండిలో నువ్వులు, వాము కలిపి రెండు రోజులు సకినాలు చుట్టారు. రెండు రోజుల అమ్మకం అయ్యాక రాత్రి తొమ్మిదింటికి మా ఇంటి వరండాలో కూర్చుని లెక్క చూశారు. చీటీల ప్రకారం 15,100 రావాలి. చేతిలో 14,860 ఉంది. మూడుసార్లు లెక్కపెట్టారు, నోట్లన్నీ మళ్లీ విప్పి చూశారు. 240 తక్కువ.

మాలో ఒక పెద్దాయన జేబులోంచి డబ్బులు తీసి, "ఇగో, కలిపెయ్ బిడ్డా, లెక్క సాఫైతది" అన్నాడు. కోశాధికారి ఇంటర్ రెండో సంవత్సరం అమ్మాయి. తల ఎత్తకుండా, "వద్దు అంకుల్, తక్కువ పడ్డది తక్కువ పడ్డట్టే రాస్త" అంది. పుస్తకంలో ఎర్ర పెన్నుతో "తేడా 240, కారణం తెలియలేదు" అని రాసి, కింద ముగ్గురితో సంతకం పెట్టించింది. ఖర్చు 6,310 పోగా 8,550 మిగిలింది. ఆ ఎర్ర గీత మాకు ఎంత ఉపయోగపడిందో తర్వాతి ఏడాది తెలిసింది. డబ్బు తీసుకునేవాళ్లు, చీటీ రాసేవాళ్లు వేరువేరుగా ఉండాలని పిల్లలే నిబంధన పెట్టుకున్నారు. పెద్దాయన 240 కలిపేసి ఉంటే ఆ నిబంధన పుట్టేది కాదు.

అందుకే నేను ఏ క్లబ్ వాళ్లతోనైనా ఒకటే చెబుతాను. పిల్లలకు కుర్చీలు అప్పజెప్పకండి, లెక్కల పుస్తకం అప్పజెప్పండి.

అపోహ: చందా డబ్బంతా క్లబ్ వాళ్ల భోజనాలకే పోతుంది

దుకాణాల్లో మొహం మీదే అంటారు. అన్నవాళ్ల మీద నాకు కోపం రాదు, ఎందుకంటే రసీదు లేకుండా వసూలు చేసి, మళ్లీ మొహం చూపించని వాళ్లను వాళ్లు చూసి ఉంటారు.

సరిగ్గా నడిచే క్లబ్‌లో రెండు ఖాతాలుంటాయి. ఒకటి పాలనా ఖాతా. సభ్యుల రుసుములు అందులో పడతాయి. సమావేశం టిఫిన్లు, హాలు అద్దె, శాలువాలు, పై కార్యాలయానికి కట్టే సొమ్ము అన్నీ అందులోంచే. రెండోది సేవా ఖాతా. బయటివాళ్ల దగ్గర తీసుకున్న ప్రతి రూపాయీ అందులో పడుతుంది, తిరిగి జనానికే వెళ్లాలి. లయన్స్‌లో ఇది రాతపూర్వక నియమం. సేకరణకు నేరుగా అయిన ఖర్చు, అంటే మా స్టాల్‌కు పిండి, నూనె కొన్న ఖర్చులాంటిది మాత్రం అందులోంచి తీసుకోవచ్చు. మీ దగ్గరికి చందాకు వచ్చినవాళ్లను "ఇది ఏ ఖాతాలో వేస్తరు?" అని అడగండి. జవాబు తడుముకుంటే ఇవ్వకండి.

పన్ను మినహాయింపు గురించి కూడా ఒక మాట. క్లబ్‌కు ఇస్తే చాలు మినహాయింపు వచ్చేస్తుందనుకుంటారు. తీసుకునే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 80జి గుర్తింపు ఉండాలి. చాలా క్లబ్బులు దాని కోసం వేరే ట్రస్టు పెట్టుకుంటాయి. నగదుగా రెండు వేలకు మించి ఇస్తే, ఆ విరాళానికి మినహాయింపు ఉండదు. చెక్కో, యూపీఐయో నయం. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఈ మినహాయింపే లేదు. ఇవి చెప్పకుండా "ట్యాక్స్ కలిసొస్తది సార్" అని డబ్బు తీసుకోవడం మోసమే అని నా అభిప్రాయం.

అపోహ: ఎంతమంది రక్తమిస్తే శిబిరం అంత గొప్పది

ఒకే రోజు మూడు వందల యూనిట్లు అని బ్యానర్ వేసుకోవాలని అందరికీ ఉంటుంది. మాకూ ఉండేది. కానీ ఎర్ర రక్తకణాలు బ్లడ్ బ్యాంకులో 35 నుంచి 42 రోజులే నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. పైగా ఇవాళ ఇచ్చిన మగవాళ్లు మళ్లీ మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఇవ్వకూడదు. అందరినీ ఒకే రోజు వరసలో నిలబెడితే, ఆ మూడు నెలల్లో ఎంజీఎం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు పంపడానికి మన జాబితాలో మనిషి ఉండడు. తలసేమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. వాళ్లకు మన రికార్డుతో పనిలేదు, వచ్చే నెల కూడా రక్తం దొరకడంతోనే పని.

వరంగల్‌లో దాతల్లో విద్యార్థులు ఎక్కువ. మే నెలలో కాలేజీలు మూతపడగానే హాస్టళ్లు ఖాళీ అవుతాయి, అవసరం మాత్రం తగ్గదు. అందుకే ఇప్పుడు పెద్ద శిబిరం ఒకటి పెట్టే బదులు చిన్నవి నాలుగైదు పెడుతున్నాం. ఎండాకాలం శిబిరం కాలనీల్లో, ఉద్యోగస్తుల మధ్య పెడతాం. పద్దెనిమిది నిండని పిల్లలు రక్తం ఇవ్వలేరు కదా, వాళ్లకేం పని అని అడుగుతారు. జాబితా వాళ్లదే. ఎవరు ఎప్పుడు ఇచ్చారు, మళ్లీ ఎప్పటికి ఇవ్వవచ్చు, ఎవరి హిమోగ్లోబిన్ 12.5 కన్నా తక్కువ ఉందని వెనక్కి పంపారు, అన్నీ రాసి పెడతారు. వెనక్కి పంపినవాళ్లకు నెల తర్వాత ఫోన్ చేసి, డాక్టర్‌కు చూపించుకున్నారా అని అడుగుతారు. ఇలా ఫోన్ చేస్తే ఒక డిగ్రీ అమ్మాయి వాళ్లమ్మ ఏడ్చినంత పని చేసింది, తన బిడ్డ ఎందుకు ఎప్పుడూ నీరసంగా ఉంటుందో అప్పటిదాకా ఆమెకు తెలియదట.

అపోహ: కంట్లో శుక్లం బాగా ముదిరాకే ఆపరేషన్ చేయించాలి

ఇది క్లబ్ గురించిన అపోహ కాదు, కానీ మా కంటి శిబిరాలకు పెద్ద అడ్డంకి. 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ సదస్సుకు వచ్చి చూపులేని వాళ్ల కోసం పనిచేయమని అడిగింది. అప్పటి నుంచి కంటి శిబిరాలు క్లబ్బుల పనిలో భాగమయ్యాయి. పరకాల, నర్సంపేట వైపు ఊళ్లలో ఇప్పటికీ "ఇంకా ముదరలే, అయినంక చూద్దాం" అంటారు. ఇప్పటి పద్ధతుల్లో ముదిరేదాకా ఆగక్కర్లేదు. చూపు తగ్గి రోజువారీ పనులకు ఇబ్బంది అవుతుంటే డాక్టర్‌ను అడగవచ్చు. ముదిరితేనే ఆపరేషన్ కష్టమయ్యే అవకాశం ఉంది. చుక్కల మందుతో శుక్లం కరగదు కూడా.

శిబిరం రోజు పని తేలిక. తర్వాతే ఉంది అసలు పని. షుగర్, బీపీ చూపించాలి, బస్సు మాట్లాడాలి, తోడు మనిషి లేని ముసలివాళ్లకు తోడు పంపాలి, ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చుక్కలు వేయించాలి. ఒక ముసలామెకు రెండు సీసాలు ఇచ్చారు. రెండూ ఒకే సైజు, ఒకే తెల్లమూత. చదువు రాదు. మా పిల్లవాడొకడు ఒక సీసాకు రబ్బరు బ్యాండ్ చుట్టి, "అమ్మమ్మా, తడిమి చూడు, దారమున్నట్టు తగిలేది పొద్దున, మాపు రెండుసార్లు" అని ఆమె వేలు పట్టి తడిమించి చూపించాడు. మూడుసార్లు ఆమె చేత చెప్పించాడు. శిబిరం ఫొటోల్లో వాడు లేడు.

అపోహ: వరదలొస్తే ఇంట్లో ఉన్న పాత బట్టలు ఇచ్చేస్తే సేవే

2023 జూలై ఆఖరి వారంలో వాన మమ్మల్ని ముంచింది. నయీంనగర్ నాలా పక్క కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, అవతల భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరంతా మునిగింది. రెండు రోజుల్లో మా దగ్గర పాత బట్టల గుట్ట తయారైంది. చిరిగిన లుంగీలు, గుండీలు లేని చొక్కాలు, పెళ్లి పట్టుచీర కూడా ఒకటి. వేరు చేయడానికే ఇరవై మంది పిల్లలకు ఒకరోజు పట్టింది. అందులో సగం ఎవరికీ ఇవ్వలేకపోయాం.

ఇంటింటికీ వెళ్లి అడిగితే వాళ్లకు కావలసినవి వేరు. బురద ఎత్తడానికి పారలు, బకెట్లు, చీపుర్లు, ఫినాయిల్, చాపలు, ఆడపిల్లలకు ప్యాడ్లు, చిన్నపిల్లలకు పాలపొడి, షుగర్ మాత్రలు. అన్నిటికన్నా మించి కాగితాలు. తడిసిన మెమోలు, పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు పట్టుకుని ఒక తల్లి ఏడుస్తూ కూర్చుంది. మా డిగ్రీ పిల్లలు నలుగురు ఒక ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎవరి కాగితం మళ్లీ ఎక్కడ తీసుకోవాలో రాసిచ్చారు, దరఖాస్తులు నింపారు, మీసేవకు వెంట వెళ్లారు. దానికైన ఖర్చు జిరాక్సులకే. ఇచ్చే ముందు అడగాలని మాకు ఆ వారం నేర్పింది. ఇప్పుడు మేము ముందు ఒక పేజీ ఫారం పట్టుకుని వెళ్తాం, వస్తువులు తర్వాత.

అపోహ: ఇవన్నీ పెట్టుకుంటే చదువు పాడవుతుంది

తల్లిదండ్రుల టెన్షన్ నాకు తెలుసు, నాకూ ఇద్దరు పిల్లలున్నారు. ఇంటర్ పరీక్షల ముందు రెండు నెలలు మేము ఏ పిల్లనూ పిలవం, వస్తామన్నా వద్దంటాం. కాలేజీల్లో ఉండే జాతీయ సేవా పథకం ఎన్ఎస్ఎస్‌లో రెండేళ్లకు 240 గంటలు, అంటే ఏడాదికి 120. వారానికి లెక్కేస్తే రెండున్నర గంటల లోపే. మేమూ అంతకు మించి అడగం. పిల్ల రాత్రి ఆలస్యంగా ఇంటికి చేరితే మాత్రం తప్పు మాదే, మమ్మల్ని నిలదీయండి.

మీ పిల్లలనో, మీరో ఏదైనా క్లబ్‌లో చేరాలనుకుంటే ముందు రెండు సమావేశాలకు ఊరికే వెళ్లి కూర్చోండి. పోయిన ఏడాది చేసిన పనుల్లో ఒకదాని గురించి, ఆ తర్వాత ఏమైందని అడగండి. సేవా ఖాతా పుస్తకం చూపించమనండి. లయన్స్‌లోనూ రోటరీలోనూ ఏడాది జూలై 1న మొదలవుతుంది, కొత్త కార్యవర్గం అప్పుడే వస్తుంది కాబట్టి జూన్ నెలలో వెళ్తే పాత లెక్కలు, కొత్త ఆలోచనలు రెండూ బల్ల మీదే ఉంటాయి.