కిక్కురుమనని షెడ్డు: పందుల పెంపకంలో అపోహలు – వాస్తవాలు

నల్లగొండ జిల్లాలో పశువైద్యుడిగా నేను చూసే పందుల షెడ్లలో యజమానులు తరచుగా చెప్పే మాట ఒకటి ఉంది: "సార్, మా దగ్గర ఏ గొడవా లేదు, అన్నీ కిక్కురుమనకుండా పడి ఉంటాయి." పంది మేలుకొని ఉన్నంతసేపూ ముట్టెతో నేలను పెళ్లగిస్తూ, వాసన చూస్తూ, తోటి పందులతో కలిసి తిరిగే జంతువు. అటువంటిది రోజంతా కదలకుండా పడి ఉంటే నాకు అనుమానమే కలుగుతుంది.

అపోహ: పందికి మురికి అంటే ఇష్టం, ఎక్కడ ఉంచినా దానికి పట్టదు.

వాస్తవం: పందికి చెమట ద్వారా ఒళ్లు చల్లబరచుకునే శక్తి దాదాపు లేదు. బురద నీటికన్నా నెమ్మదిగా ఆరి ఎక్కువసేపు చల్లదనాన్ని ఇస్తుంది కనుకనే అది బురదలో పొర్లుతుంది. చోటు చాలినంత ఉంటే పడుకునే మూలను, పేడ వేసే మూలను వేరుగా ఉంచుకుంటుంది. ఇరుకు, ఎండ కలిసినప్పుడే ఆ అలవాటు తప్పి, తడి కోసం తన పేడలోనే పడుకుంటుంది. ఎదిగిన పందికి 20 డిగ్రీల దరిదాపుల్లో హాయిగా ఉంటుంది. మన రోహిణి కార్తెలో ఎండ 44 డిగ్రీలు దాటే రోజులు కూడా ఉంటాయి, రేకుల కప్పు కింద ఆ వేడి మరింత తెలుస్తుంది. నేను షెడ్డులోకి వెళ్లగానే పడుకున్న పంది డొక్కను గమనిస్తూ శ్వాసలు లెక్కపెడతాను. నిమిషానికి నలభై దాటితే మందుల పెట్టె తెరవకుండా ముందు కప్పు మీద వరిగడ్డి పరిపించి, నీళ్లు ఆపి ఆపి చల్లించి, గాలి ఆడేలా చేయిస్తాను.

అపోహ: చూడి పందిని క్రేటులో (ఇనుప ఊచల ఇరుకు బోనులో) ఉంచకపోతే పిల్లలు దక్కవు.

వాస్తవం: ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా చెబుతున్నారు. ఈనిన తల్లి పిల్లల మీద పడుకుని నలిపేయకుండా వాడే క్రేటు ఒకటి. సుమారు 114 రోజుల చూడి కాలమంతా పందిని నిలబెట్టే ఇరుకైన క్రేటు మరొకటి. పిల్లలే పుట్టని నెలల్లో ఆ రెండోది ఏ పిల్లను కాపాడుతుంది? సుమారు రెండు అడుగుల వెడల్పున్న ఆ ఊచల మధ్య పంది వెనక్కి తిరగలేదు. నోట్లో ఏమీ లేకుండానే నమలడం, ఇనుప ఊచను గంటల తరబడి కొరకడం దాని బాధకు గుర్తులు. బ్రిటన్ 1999లో ఈ పద్ధతిని నిషేధించింది. యూరోపియన్ యూనియన్ 2013 జనవరి నుంచి చూలు కట్టిన తొలి నాలుగు వారాలు, ఈనడానికి ముందు వారం తప్ప మిగతా కాలమంతా చూడి పందులను గుంపుగానే ఉంచాలని విధించింది. మన జంతు హింస నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షను కూడా తగినంత కదిలే వీలులేని బోనులో జంతువును బంధించడాన్ని నేరంగానే చూస్తుంది. ఈనే ముందు రోజు తల్లి గూడు కట్టుకోవాలని తహతహలాడుతుంది. గడ్డి దొరకని చోట సిమెంటు నేలనే కాలితో గీరుతుంది.

అపోహ: పుట్టిన వారంలో బీజాలు తీస్తే పిల్లకు నొప్పి తెలియదు.

వాస్తవం: తెలుస్తుంది. ఆ అరుపు విన్నవారికి వేరే రుజువు అక్కరలేదు. నొప్పి తగ్గించే మందు ఉంది, వాడాలి.

అపోహ: రోడ్ల మీద తిరిగే ఊరపందులే సుఖంగా బతుకుతాయి.

వాస్తవం: దీన్ని నేను ఒప్పుకోను. ప్లాస్టిక్ తింటూ, మనుషుల మలంలోని బద్దెపురుగు గుడ్లను మింగుతూ, బండ్ల కింద పడే బతుకును స్వేచ్ఛ అనలేము.

అపోహ: తోక కొరకడం పంది నైజం, తోక కత్తిరించడమే మందు.

వాస్తవం: పని లేకపోవడం, ఇరుకు, తొట్టి దగ్గర తోపులాట, ఉక్క, దాణాలో ఉప్పు వంటివి చాలకపోవడం దీనికి ప్రధాన కారణాలు. మిర్యాలగూడ వైపు ఒక షెడ్డులో ఒకే గదిలో ఇరవైకి పైగా పందులకు ఒకే ఒక నీటి కుళాయి పెట్టారు. నన్ను పిలిచేసరికి ఒక పంది తోక మొదలు దాకా పోయి, గోడ మీద నెత్తురు చారలు ఉన్నాయి. గాయపడిన దాన్ని వేరుచేసి వైద్యం చేశాను. మిగతా వాటిని రెండు గదులకు సర్ది, మరో కుళాయి పెట్టించి, రోజూ ఒక మోపు వరిగడ్డి వేయమన్నాను. ఆయకట్టు పొలాల్లో కోతలయ్యాక తగలబెట్టే గడ్డే అది. గడ్డితో కాలువలు పూడుకుపోతాయన్న భయం పేడ కిందికి జారేలా సందులుండే జాలీ నేలల షెడ్లకు నిజమే కానీ, అక్కడున్నది గట్టి సిమెంటు నేల. తర్వాత వెళ్లేసరికి కొరుకుడు ఆగింది. గడ్డి మోపు కనబడగానే పందులన్నీ తలుపు దగ్గరికి ఎగబడి అరుస్తున్నాయి. షెడ్డులో గోల ఎక్కువైందని యజమాని నాకు ఫిర్యాదు చేశాడు.