నీడపట్టున గులాబీలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్, కర్నూలు, అనంతపురం వైపు గులాబీ పెట్టాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది "రోజుకు ఎన్ని గంటల ఎండ కావాలి?" అని. మన ఎండలకు గంటల లెక్క ఒక్కటే చాలదు. ఏ పూట ఎండ, ఏ నెలలో ఎండ అన్నది అంతకన్నా ముఖ్యం.

అపోహ: రోజంతా ఎండ తగలకపోతే గులాబీ పూయదు.

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నపు ఎండ మేలుకన్నా చేటే ఎక్కువ చేస్తుంది. ముదురు ఎరుపు పూలకు రేకుల అంచులు మాడతాయి. మొగ్గలు చిన్నగా ఉండగానే విచ్చుకుని రాలిపోతాయి. ఉదయం 4-5 గంటలు ఎండ నేరుగా తగిలి, 12 దాటాక నీడ పడే తూర్పు వైపు అన్నిటికన్నా మంచి చోటు. పడమటి గోడ పక్కనా అన్ని గంటల ఎండే ఉంటుంది, కానీ ఆ గోడ పొద్దుపోయాక కూడా వేడి వదులుతూనే ఉంటుంది. కుండీలో మట్టి కాగిపోయి వేళ్లు దెబ్బతింటాయి. తప్పనిసరై అక్కడే పెడితే ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా సగం ఎండను ఆపే 50 శాతం షేడ్‌నెట్ (నీడ వల) కట్టి, వానలు పడగానే తీసేయండి.

3 గంటల ఎండ కూడా రాని చోట మొక్క బతుకుతుంది గానీ పూల మీద ఆశ పెట్టుకోవద్దు. సగం నీడకు పెద్ద పూల హైబ్రిడ్ టీ రకాలకన్నా ఐస్‌బర్గ్‌లాంటి గుత్తిపూల ఫ్లోరిబండాలు నయం.

అపోహ: ఉత్తరం వైపు ఎప్పుడూ నీడే, దక్షిణం వైపు ఎప్పుడూ ఎండే.

హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే ఉత్తరపు గోడ దగ్గర మొక్కకు మండు వేసవిలో ఎండ తగులుతుంది, పూలు బాగా పూసే డిసెంబరులో అసలే తగలదు. గులాబీకి కావలసినదానికి ఇది పూర్తిగా తలకిందులు. దక్షిణం వైపు సజ్జ కింద, గోడకు 2 అడుగుల లోపు కుండీ పెట్టి చూడండి. చలికాలంలో ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది, మే మధ్యాహ్నం సజ్జ నీడ పడుతుంది.

అపోహ: చెట్టు నీడైనా గోడ నీడైనా ఒకటే.

కాదు. వేప, మామిడి వేళ్లు మీరు పోసే నీళ్లను, ఎరువును ముందే లాగేసుకుంటాయి. నేల మీద పెట్టిన కుండీ అడుగు రంధ్రంలోంచి కూడా చెట్టు వేళ్లు లోపలికి దూరతాయి. చెట్టు కిందైతే కుండీని ఇటుకల మీద ఎత్తి పెట్టండి.

అపోహ: పూలు తగ్గితే ఎరువు పెంచాలి, గుడ్డు పెంకులు వేయాలి.

ఎండ తక్కువైన మొక్కకు నత్రజని ఎక్కువైతే కొమ్మలు సన్నగా సాగి వంగిపోతాయి, పేనుబంక పడుతుంది. 12 అంగుళాల కుండీకి నెలకు రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్ట్ చాలు. గుడ్డు పెంకుల్లో ఉండేది సున్నమే. మన బోరు నీళ్లలో, చాలా చోట్ల నేలలో అది ఇప్పటికే ఎక్కువ. సున్నం ఎక్కువైన చోట మొక్కకు ఇనుము సరిగా అందదు. ఈనెలు పచ్చగా ఉండి లేత ఆకు పసుపైతే అదే జరుగుతోందన్నమాట. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, చల్లటి పూట వారం తేడాతో రెండుసార్లు చల్లండి.

అపోహ: ఆకు తడిస్తేనే బూడిద తెగులు వస్తుంది.

నల్లమచ్చ తెగులుకు ఆకు గంటల తరబడి తడిగా ఉండాలి. బూడిద తెగులుకు ఆ అవసరం లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉండి, నీడలో గాలి ఆడకపోతే చాలు, లేత ఆకులు ముడుచుకుని తెల్లబడతాయి. కుండీల మధ్య 2 అడుగుల ఎడం ఉంచండి. కనిపించగానే నీటిలో కరిగే గంధకం లీటరుకు 2-3 గ్రాములు చల్లండి. వేసవిలో గంధకం ఆకును మాడుస్తుంది, అప్పుడు వద్దు. ఎండాకాలంలో ఆకు అడుగున సన్నటి గూడు, పైన తెల్లచుక్కలు కనిపిస్తే అది ఎర్రనల్లి. మామూలు పురుగుమందులకు అది లొంగదు. 3 రోజులకొకసారి పొద్దున్నే ఆకుల అడుగుకు పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి.

అపోహ: అక్టోబరులో మోకాలి ఎత్తుకు నరకాలి.

ఎండలో ఉన్న మొక్క తట్టుకుంటుంది. నీడలోని మొక్కకు ఉన్న కొద్ది ఆకులే ఆధారం. ఎత్తులో మూడో వంతే తీసి, ఎండిన కొమ్మలు, మధ్యలో ఒరుసుకునేవి తొలగించండి. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు ముద్ద పూస్తే కొమ్మ పైనుంచి ఎండుతూ రాదు. సుమారు 45-50 రోజుల్లో పూలొస్తాయి.

అపోహ: రెమ్మకు ఏడాకులుంటే అది అడవి కొమ్మ.

మంచి రకాల్లోనూ ఏడాకుల రెమ్మలు వస్తాయి. అనవసరంగా తీసేయకండి. కొమ్మ ఎక్కడ పుట్టిందో చూడండి. అంటు ముడి (అడవి గులాబీ వేరుమొక్కకు మంచి రకాన్ని అంటుకట్టిన చోటు) కిందనుంచి లేస్తే అది వేరుమొక్క పిలకే. నీడలో అంటు నీరసించినప్పుడు ఇవి త్వరగా పైచేయి సాధిస్తాయి. కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది కాబట్టి మట్టి తవ్వి, మొదలు దగ్గర పట్టుకుని కిందికి లాగి ఊడబెరకాలి.